గువ్వ సరేనంటేనే

జూన్ 6

చెల్లీ,

నీ కుట్టుషాపుకు ఉత్తరం వచ్చిందేమిటని కంగారుపడకు. ఫోన్లో చెబుదామంటే మీ ఇంట్లో ఉన్నవి రెండు గదులు, గువ్వకి చెవులు నాలుగు. నోరు కట్టేసుకున్నప్పటి నుంచి దాని చెవులు మరీ పదునెక్కాయని నువ్వే అన్నావు. అందుకని ఈ సంగతులు ఇకమీదట ఉత్తరాల్లోనే మాట్లాడుకుందాం. చదివాక గుడ్డముక్కల కింద దాస్తావో, చింపి పారేస్తావో నీ ఇష్టం.

ఉద్యోగం వచ్చింది. ఆ టీవీ స్టేషన్లోనే. గువ్వని కూర్చోబెట్టి నవ్వులపాలు చేసిన ఆ మూడో అంతస్తులోనే.

పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు స్టూడియోలో అడుగు పెట్టాలన్నా, వాళ్లు మాట్లాడింది ప్రసారం కావాలన్నా ఇకనుంచి ఒక మనిషి సంతకం ఉండాలట. పైనుంచి కొత్తగా వచ్చిన నిబంధన. ఆ మనిషిని నేను. బడిలో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన దాన్నని వెంటనే తీసుకున్నారు. "మీకు పిల్లలంటే ప్రేమేనా?" అని అడిగారు. "ప్రేమే" అన్నాను. ఏ పిల్ల అని వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. మన ఇంటిపేర్లు వేరవడం ఇన్నాళ్లకు ఒక పనికొచ్చింది.

మొదటిరోజే ఆ పాత టేపు తెప్పించుకుని చూశాను. నువ్వు చెప్పగా విన్నదే, అయినా చూడాలనిపించింది. గువ్వ స్కూలు డ్రెస్సులో ఉంది. బస్టాపులో దీపాలు లేవని వాళ్ల క్లాసు పిల్లలు తీసిన చిన్న ఫిల్ము గురించి చెబుతోంది. "దీపం" అనే మాట దగ్గర నత్తితో తట్టుకుంది. అక్కడ నవ్వు వేశారు. మళ్లీ అదే ముక్క, మళ్లీ నవ్వు. ఆ నవ్వులు మనుషులవి కూడా కావు చెల్లీ, మిషన్లోంచి తీసినవి. ఫిల్ము మాత్రం అసలు చూపించనే లేదు.

ఆ ప్రొడ్యూసరు, అదే మన నవ్వుల దొర, వచ్చి చేయి కలిపాడు. "మేడమ్, మీరు పెద్దవారు, అన్నీ తెలిసినవారు. అప్పుడప్పుడు కాస్త కళ్లు మూసుకుంటే చాలు, మన బండి సాఫీగా పోతుంది" అన్నాడు. నేను ఆ చేయి వదిలి బాత్రూంలోకి వెళ్లి సబ్బు పెట్టి కడుక్కున్నాను.

నీ అక్క

*

జూన్ 15

అక్కా,

నీ ఉత్తరం కత్తిరించే బల్ల దగ్గర నిలబడే చదివాను. చదువుతుంటే నా చేతిలో కత్తెర దానంతటదే ఆడింది. ఒక ఆయన ప్యాంటు కాలు పొట్టిదైపోయింది. పోనీలే, నిక్కరుగా తొడుక్కుంటాడు.

గువ్వ ఎలా ఉందని అడగలేదు నువ్వు. అడక్కపోయినా చెబుతాను. నాతో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడదు. బడి మానేసిన దగ్గర్నుంచి షాపులో గుండీలు కుడుతోంది. ఎవరైనా పలకరిస్తే తల ఊపుతుంది. వాళ్ల నాన్న బస్సు డ్యూటీ నుంచి వచ్చి "ఏం గువ్వా" అంటే నవ్వి ఊరుకుంటుంది. కన్నతండ్రితో కూడా నవ్వే! నోట్లో నాలుక లేని పిల్ల అంటారే, అలా తయారైంది. పుట్టినప్పటి నుంచి మాట తట్టుకుంటూనే ఉంది, కాని ఎప్పుడూ ఆగింది లేదు అక్కా. కథలు చెప్పేది. పోట్లాడేది.

ఆ రోజు నన్ను కింద కుర్చీలో కూర్చోబెట్టారు. "పెద్దవాళ్లుంటే పిల్లలు బెదురుతారమ్మా" అన్నారు. టీ కూడా ఇచ్చారు. నేను ఆ టీ తాగుతూ కూర్చున్నాను. పైన నా పిల్లని కోస్తుంటే కింద నేను టీ తాగాను. ఆ రోజు నుంచి టీ ముట్టలేదు.

ఒక్కటే అడుగుతున్నాను. వాణ్ణి మెత్తగా వదిలెయ్యకు. కుక్క కాటుకు చెప్పుదెబ్బ అన్నారు. వాడు తెర మీద ఏడవాలి. జనం చూస్తుండగా ఏడవాలి. అప్పుడు నేను మళ్లీ టీ తాగుతాను, రెండు చెంచాల పంచదార వేసుకుని.

నీ చెల్లి

*

జూలై 21

చెల్లీ,

తొందరపడకు. ఉడుము కరవదు, పట్టుకుంటుంది. నేను పట్టుకున్నాను.

ఇక్కడ తలుపులన్నీ కార్డు చూపిస్తే తెరుచుకుంటాయి. మూడో అంతస్తుకి దొర కార్డు పనిచేయకుండా చేయించాను. పిల్లలున్న చోటికి పెద్దవాళ్లెవరూ నా అనుమతి లేకుండా రాకూడదని రాశాను. ఇప్పుడు ఆయన బెల్లు కొట్టాలి, నేను వెళ్లి తలుపు తీయాలి. నాకు మోకాళ్ల నొప్పులు కదా, నెమ్మదిగా వెళతాను. అద్దంలోంచి ఆయన కనిపిస్తూనే ఉంటాడు, నా నడక చూస్తూ.

నిబంధనలన్నీ నేనే రాశాను. పిల్లలతో ఇంటి మనిషి ఒకరు లోపలికి రావాలి, కింద కుర్చీల్లో కాదు. దరఖాస్తులు పేర్లు లేకుండా, అంకెలతోనే నా బల్ల మీదికి రావాలి. లేకపోతే ఎవరి సిఫార్సు పిల్లలు వాళ్లు దూరిపోతారు. కవరు మీద తల్లిదండ్రుల్లో ఒకరి సంతకం లేకపోతే లోపల ఏముందో చూడకుండానే తిరస్కరించాలి. అన్నిటికంటే ముఖ్యమైనది ఆఖరిది. కత్తిరింపులన్నీ అయ్యాక ఆ పిల్లకో పిల్లాడికో మొత్తం చూపించాలి. వాళ్లు సరేనంటేనే ప్రసారం. వాళ్లు కాదంటే పైవాడడిగినా కాదు. వాళ్లు సరేనన్నాక పెద్దవాళ్లెవరూ మళ్లీ కత్తెర పెట్టకూడదు.

మొన్న ఒక బొద్దు పిల్లాణ్ణి తెచ్చాడు, వాడి చేత పరుగు తీయించి తమాషా చేయాలని. సంతకం పెట్టలేదు. నిన్న ఇద్దరు స్నేహితురాళ్లని తెచ్చాడు, ఒకరి రహస్యాలు ఇంకొకరి చేత చెప్పించాలని. పెట్టలేదు. సైకిల్ పంక్చరు ఎలా వేయాలో చూపించే పిల్ల వచ్చింది. పెట్టాను. చదరంగం ఆడే కవలలొచ్చారు. పెట్టాను. ఆయన కార్యక్రమం చూసేవాళ్లు తగ్గిపోతున్నారట. తిండి పెట్టకపోతే ఎంతటి పులైనా పిల్లి అవుతుంది.

గువ్వకి నా ముద్దులు. చెప్పకు, ఊరికే పెట్టెయ్.

నీ అక్క

*

ఆగస్టు 19

అక్కగారికి,

నిన్న సాయంత్రం షాపులో టీవీ పెట్టాను. మీ స్టేషన్ వాళ్ల వార్షికోత్సవమట. పూలగుత్తులు, చప్పట్లు. నవ్వుల దొర మైకు పట్టుకుని "మా మూడో అంతస్తుకి కొత్త వెలుగు తెచ్చిన పెద్దక్క" అన్నాడు. కెమెరా తిరిగింది. చూద్దును కదా, పక్కనే మీరు. నవ్వుతున్నారు. ఆయన మీ భుజం మీద చెయ్యి వేశాడు. మీరు తీయలేదు.

గువ్వ కూడా చూసింది. సూది వేలికి గుచ్చుకుంది. అబ్బా అని కూడా అనలేదు.

ఉడుముపట్టు అన్నారు. ఎవరు ఎవర్ని పట్టుకున్నారో నాకు అర్థం కావడం లేదు. పెద్ద ఉద్యోగం, పెద్ద పేరు. మనసు మారడానికి మనిషికి ఎంతసేపు?

షాపులో పని ఎక్కువగా ఉంది. ఇంక ఉత్తరాలు రాయడానికి తీరిక ఉండదు.

ఇట్లు,
మీ చెల్లెలు

*

ఆగస్టు 27

చెల్లీ,

"గారు" తగిలించి నన్ను భలే కొట్టావు. ఎక్కడ నేర్చావే?

పళ్లు కనిపించినంత మాత్రాన నవ్వని ఎవరన్నారు? ఆ చెయ్యి నా భుజం మీద పడ్డప్పుడు ఒళ్లంతా జెర్రి పాకినట్టయింది. తీస్తే ఎందుకు తీశానని అడుగుతారు. అడిగితే చెప్పాలి. చెబితే ఆ రోజే నా పని సరి. ఆయన అలా పొగిడింది ఎందుకో తెలుసా? కాళ్లబేరానికొచ్చాడు. ఛానల్ పెద్దావిడ ఆయన్ని పిలిచి, మూడు నెలల్లో కార్యక్రమం చూసేవాళ్లు పెరగకపోతే ఎత్తేస్తానంది. కావాలంటే ఒట్టు వేస్తాను.

నువ్వు నన్ను నమ్మకపోయినా ఫరవాలేదు. ఒకప్పుడు నీ జడలు వేసిన దాన్ని, నీ కోపం ఎన్నాళ్లుంటుందో నాకు తెలియదా? గువ్వ ఏమనుకుంటోంది? అదొక్కటి రాయి.

నీ అక్క (గారు కాదు)

*

సెప్టెంబర్ 3

నీకు,

ఏమని పిలవాలో తెలియక అలా మొదలుపెట్టాను.

ఇవాళ పోస్టులో గువ్వ పేరు మీద ఒక కవరు వచ్చింది. మీ స్టేషన్ది. దానికి అక్కడినుంచి కవరేమిటని నేనే విప్పాను. "మీ దరఖాస్తును తిరస్కరించడమైనది" అని ఒకే ఒక్క వాక్యం. కింద నీ సంతకం. గుండ్రంగా, ఆఖర్న తోకతో. చిన్నప్పుడు నా ప్రోగ్రెస్ కార్డు మీద అమ్మ బదులు నువ్వు పెట్టేదానివి, ఆ చేతిరాతే.

నాకు తెలియకుండా అది మీకు రాసిందన్నమాట! ఎప్పుడు రాసిందో, ఏం రాసిందో దేవుడికెరుక. నా చేతిలో కాగితం చూసి లాక్కుంది. సంతకం చూసింది. "పె... పెద్దమ్మ" అంది. అంతే. లోపలికి వెళ్లి తలుపేసుకుంది. అన్నానికి పిలిస్తే రాలేదు. ఇప్పుడు నాతో కూడా మాట్లాడటం లేదు.

ఇన్నాళ్లకి ఒక్కసారి నోరు విప్పుదామనుకుంది. ఆ నోటి మీద నువ్వు కొట్టావు. వాడు నవ్వాడు, నువ్వు కాదన్నావు. ఏది నయమో నువ్వే చెప్పు. వాడికి ఇది ఎవరి పిల్లో తెలియదు. నీకు తెలుసు.

నీ మీద నాకున్నది కోపం కాదు. అది ఎప్పుడో దాటిపోయింది.

*

సెప్టెంబర్ 8

చెల్లీ, చెల్లీ,

నాకు తెలియదు. పేర్లు లేకుండా అంకెలతో రావాలని రాసింది నేనే. తల్లిదండ్రుల సంతకం లేకపోతే చూడకుండా తిరస్కరించాలని రాసింది నేనే. ఆ దొరని తొక్కెయ్యాలని ఎత్తిన కాలు తిన్నగా మన గువ్వ మీదే పడింది. నీ ఉత్తరం చదివి పరుగున వెళ్లి, తిరస్కరించినవాటిలో ఆ కవరు వెతికి విప్పాను. అది రాసింది ఉన్నదున్నట్టు ఇక్కడ దించుతున్నాను:

"నేను పెద్దవాళ్లని ప్రశ్నలు అడిగే కార్యక్రమం చేస్తాను. మొట్టమొదట మీ ప్రొడ్యూసరు గారినే అడుగుతాను. నాకు నత్తి ఉంది. కాబట్టి టైం కొంచెం ఎక్కువ ఇవ్వాలి. తగ్గిస్తే ఒప్పుకోను. అమ్మ సంతకం పెట్టదు. అందుకని అడగలేదు."

చదివి నా గదిలో కూర్చుండిపోయాను. మనమిద్దరం ఇక్కడొకరూ అక్కడొకరూ కూర్చుని కత్తులు నూరుతున్నాం. అది ఒక్కతే ఎదురుగా వెళ్లి నిలబడదామనుకుంది.

నువ్వు సంతకం పెడితే మిగతాది నేను చూస్తాను. పెట్టకపోతే తప్పు పట్టను. నీ బిడ్డ.

గువ్వతో చెప్పు, పెద్దమ్మ కొట్టలేదని. చూసుకోకుండా తలుపేసిందని చెప్పు.

నీ అక్క

*

సెప్టెంబర్ 16

అక్కా,

మొదట నేను పెట్టనన్నాను. ఇప్పుడూ మనసులో పెట్టననే ఉంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? మళ్లీ ఆ గదిలోకి, మళ్లీ ఆ మనిషి ముందుకి! నాకు కావలసింది వాడు ఏడవడం, ఇది మళ్లీ ఏడవడం కాదు.

నీ ఉత్తరం గువ్వకి ఇచ్చాను. రెండుసార్లు చదివింది. నేను దాచినవి కూడా అన్నీ అడిగింది. గుడ్డముక్కల కిందవి కూడా తీసిచ్చాను. అన్నీ చదివి మిషను దగ్గరికి వచ్చి నిలబడింది. నేను తొక్కడం ఆపలేదు.

"అమ్మా" అంది.

"చెప్పు."

"పగ నాది. నువ్వూ పె... పెద్దమ్మా పట్టుకుపోయారు."

"నీ కోసమే కదే!"

"నన్ను అడిగారా?"

అడగలేదు. పసిపిల్ల, దీనికేం తెలుసు అనుకున్నాం. పదహారు నిండాయి దానికి.

"మళ్లీ నవ్వితే?" అన్నాను.

"నవ్వితే నవ్వుతారు. ఈసారి క... కత్తెర నా చేతిలో ఉంటుంది. పెద్దమ్మ రాసింది కదా, నేను సరేనంటేనే అని."

ఎవరి పోలికో ఈ పిల్లకి. నావైపు ఎవరూ ఇలా లేరు, నువ్వు తప్ప.

సంతకం పెట్టాను. నేనూ వస్తానంటే వద్దంది. నేనుంటే దాని మాటలు నేను అందిస్తానట, అది తనకి చిరాకట. తోడుకి నువ్వు చాలంది. శనివారం బస్సుకి పంపుతున్నాను. బస్టాండులో ముందే వచ్చి నిలబడు. అది దిగి వెతుక్కోకూడదు.

ఇంకొక మాట. వాడు ఏడిస్తే ఆ ముక్క తీసేయనివ్వకు.

నీ చెల్లి

*

సెప్టెంబర్ 28

చెల్లీ,

గువ్వ ఇల్లు చేరే ఉంటుంది. అది చెప్పేది అది చెబుతుంది, నేను చూసింది నేను రాస్తాను.

ముందు ఛానల్ పెద్దావిడ దగ్గరికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. సొంత చెల్లెలి కూతురికి నేను అనుమతి ఇస్తే నేను రాసిన నిబంధనలకి విలువేముంది? ఆవిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"అయితే ఈ ఉద్యోగంలోకి పగతో వచ్చారన్నమాట."

"అవునండీ."

"మీరు రాసిన నిబంధనల్లో తప్పేమైనా ఉందా?"

"లేదండీ."

"అయితే అవి ఉంటాయి. మీరుండరు. ఈ ఒక్కదానికీ నేనే సంతకం పెడతాను. ఇంకో నెల రోజులు రండి, తర్వాత వద్దు."

నాకు కోపం రాలేదు. ఆ కుర్చీలో నేనున్నా అదే చేసేదాన్ని.

దొర ఎగిరి గంతేశాడు. ఒక అమ్మాయి తనని ప్రశ్నలడుగుతుందంటే తన గొప్పలు చెప్పుకోవచ్చని. మొహానికి పౌడరు వేయించుకుని, సెంటు కొట్టుకుని వచ్చాడు. గువ్వని చూసి "బాగున్నావా తల్లీ, భయపడకు" అన్నాడు. గుర్తుపట్టలేదు. నటిస్తున్నాడేమో అనుకున్నాను.

మొదటి రెండు ప్రశ్నలూ తేలికవి. ఈ పనిలోకి ఎలా వచ్చారు, పిల్లల కార్యక్రమానికి ఏం కావాలి. "పిల్లల మనసు తెలియాలి తల్లీ" అని చాలాసేపు చెప్పాడు. మూడోదాని దగ్గర గువ్వ తట్టుకుంది. "న" దగ్గర ఆగిపోయింది. ఆయన అందుకున్నాడు: "నటనా? నాటకమా? నాన్నగారా?" బజారులో సరుకు చూపించినట్టు ఒక్కొక్క మాటే చూపించాడు. గువ్వ అరచెయ్యి ఎత్తింది. "నేనే చెప్తాను" అంది. ఆ పిల్ల మాట కోసం కెమెరామన్, లైట్ల ఆయన, నేను, ఆ దొర, అందరం నోళ్లు మూసుకుని కూర్చున్నాం.

"నవ్వు. పోయినేడు మీ కార్యక్రమంలో ఒక అమ్మాయికి మాట తట్టుకుంది. ఆ మాట మీద నవ్వు కలిపింది ఎవరు?"

"ఏ అమ్మాయి?"

"నేను."

ఆయన మొహం పాలిపోతుందని చూశాను చెల్లీ. ఆ ఒక్క క్షణం కోసమే ఇన్ని నెలలు ఆ భవనంలో మెట్లెక్కాను. పాలిపోలేదు. నిజంగానే ఆలోచించాడు. తల పక్కకి వాల్చి గువ్వని చూశాడు.

"గుర్తు లేదమ్మా. వారం వారం ఎంతోమంది వస్తుంటారు. సరదాకి చేసి ఉంటాం. ఇప్పుడు బాగానే ఉన్నావుగా!"

మనం ఏడాదిగా కాలుతున్నాం. నిప్పు పెట్టినవాడికి అగ్గిపుల్ల గీసిన సంగతే గుర్తు లేదు. నా చెప్పు నా చేతిలోకి వచ్చేదే, గువ్వ అడ్డు రాకపోతే.

"నాకు గుర్తుంది" అంది అది. "నా ప్రశ్నలు అయిపోయాయి."

బయటికి వచ్చాక గాని ఆయనకి తెలిసిరాలేదు. లైట్ల ఆయన నమస్కారం పెట్టకుండా పక్కనుంచి వెళ్లిపోయాడు. అప్పుడు దొర పరుగున ఎడిటింగ్ గదికి వచ్చాడు. "ఆ చివరి ముక్క తీసెయ్" అన్నాడు. ఎడిటరు గువ్వ వైపు చూపించాడు. దొర గువ్వ ముందు వంగి, "తల్లీ, నేనూ పిల్లలున్నవాణ్ణి" అన్నాడు. అది తెర మీదనుంచి చూపు తిప్పలేదు. మొత్తం చూసింది.

"మీరు తట్టుకున్న చోట కొంచెం తగ్గించమంటారా?" అని ఎడిటరు దాన్ని అడిగాడు, మీరు అని.

"వద్దు. ఏదీ తీయొద్దు."

"సరేనా మరి?"

"సరే."

నీ అక్క

*

అక్టోబర్ 6

అక్కా,

చూశాను. షాపు నిండా ఆడవాళ్లే. బట్టలు తీసుకోవడానికి వచ్చినవాళ్లు తీసుకుని వెళ్లలేదు. గువ్వ ఆగిపోయిన దగ్గర నా పెదవులు వాటంతటవే ఆడుతున్నాయి. కొలతల టేపు పళ్ల మధ్య పెట్టుకుని గట్టిగా కొరికాను.

"గుర్తు లేదమ్మా" అని వాడు అన్నప్పుడు ఒక ముసలావిడ "వీడి నోట్లో మన్ను పడ" అంది. ఆవిడ రవికకి కుట్టుకూలి తీసుకోలేదు నేను.

వాడు ఏడవలేదు. అదొక్కటే నాకు లోటు.

నీ చెల్లి

*

అక్టోబర్ 30

చెల్లీ,

నీ లోటు తీరుతుందేమో విను.

ప్రసారమైన మర్నాటి నుంచి స్టేషన్లో ఫోన్లు ఆగలేదు. అందరిదీ ఒకటే ప్రశ్న: "నేను గుర్తున్నానా?" చదవలేక ఏడ్చిన కుర్రాడు. కెమెరా మొటిమల్ని దగ్గరగా చూపించిన అమ్మాయి. ఒకడికి ఇప్పుడు ఇరవై దాటాయి, పెళ్లిచూపుల్లో కూడా ఆ నవ్వే వినిపించిందట. వాళ్లందరినీ పిలిచి, పెద్దావిడ దగ్గరుండి మాట్లాడించింది. ప్రతి ఒక్కరూ ఆఖర్న అదే ప్రశ్న అడిగారు. వారం వారం దొర తన మొహం తన ఛానల్లోనే చూసుకోవలసి వచ్చింది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు. ఇక్కడ తన్నినవాళ్లందరూ పిల్లలే.

ఆఖరికి దొరని పంపేశారు. నా ఆఖరిరోజూ అదే కావడంతో ఇద్దరం ఒకే లిఫ్టులో దిగాం. ఆయన చేతిలో కాగితాల సంచి, ఎండిన మొక్క ఒకటి. ఏమైనా అంటాడేమో, తిడతాడేమో అనుకున్నాను. నేనెవరో అప్పటికి ఆయనకి తెలుసు.

"మీ అమ్మాయి బాగా చేసింది మేడమ్" అన్నాడు. "కాని ఆ మధ్యలో మౌనం మరీ సాగింది. నేనైతే కొంచెం కోసేవాణ్ణి."

ఇంకా అంతే చెల్లీ. అతనికి ఎప్పటికీ అంతే. లిఫ్టు తలుపు తెరుచుకోగానే ముందు నేను దిగాను.

ఇంక నాకు ఉద్యోగం లేదు, పగ లేదు. పొద్దున్నే లేచి ఏం చేయాలో తోచడం లేదు. నీకు కసి తీరిందా? నిజం రాయి.

నీ అక్క

*

నవంబర్ 22

అక్కా,

తీరింది. ఎండలో నడిచొచ్చి మంచినీళ్లు తాగినట్టుంది. క్షమించాలని, మర్చిపోవాలని చెప్పేవాళ్లు చెబుతున్నారు. వాళ్ల పిల్లల మీద ఎవరూ నవ్వలేదు కాబట్టి చెబుతున్నారు. నేను మాత్రం పాట పాడుకుంటూ ఇస్త్రీ చేస్తున్నాను. గువ్వ బడికి వెళుతోంది. క్లాసులో ఒకడు కిసుక్కుమన్నాడట. వాడి నవ్వు అయిపోయేదాకా ఆగి, అప్పుడు మిగతాది చెప్పిందట. వాళ్ల నాన్నతో రోజూ పోట్లాడుతోంది. ఆయన ఆనందం చూడాలి.

అసలు సంగతి ఇది. నిన్న సాయంత్రం ఆయన మా షాపుకి వచ్చాడు. నవ్వుల దొర. నేను ఎవరికో చేతి కొలత తీసుకుంటున్నాను. గుమ్మంలో నీడ పడితే తల ఎత్తాను. చిక్కిపోయాడు. చొక్కా కాలరు అరిగి ఉంది, దర్జీదాన్ని కదా, నా కన్ను మొదట అక్కడికే పోయింది.

"అమ్మా, ఇంకో స్టేషన్లో తీసుకుంటామంటున్నారు. మీ అమ్మాయి ఒక మాట రాసిస్తే చాలు. మనసులో ఏమీ పెట్టుకోలేదని" అన్నాడు.

నేను కూర్చోమనలేదు. కొలతలు తీయడం పూర్తిచేశాను. ఆవిడతో గుండీల రంగు మాట్లాడాను. దారం కూడా చూపించాను. ఆయన నిలబడే ఉన్నాడు. ఇన్నాళ్లూ ఆ మనిషి ఎదురుపడితే ఏం చేస్తానో అని ఎన్ని అనుకున్నాను! రక్కుతాననుకున్నాను, కత్తెర విసురుతాననుకున్నాను. ఏమీ లేదు. గుండీలు నీలం వేయాలా తెలుపు వేయాలా అన్నదే ఆలోచిస్తున్నాను.

చివరికి ఆవిడని పంపించి, "అది నాది కాదు. దాన్నే అడగండి" అన్నాను.

గువ్వ లోపలినుంచి వచ్చింది. అంతా వింది కదా, దాని చెవుల సంగతి తెలిసిందే. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నిజమైనవే. నేను కోరుకున్నవే. నా షాపు గుమ్మం ముందు, కెమెరా ఏదీ లేకుండా.

గువ్వ గుమ్మం దాకా వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

"రా..." అంది. ఆగిపోయింది.

ఆయన మొహం వెలిగింది. "రాస్తావా తల్లీ? రాస్తావు కదూ?"

గువ్వ తల అడ్డంగా ఊపింది. తొందరపడలేదు. ఊపిరి తీసుకుని, మొదటినుంచి మళ్లీ అంది.

"రాయను."

ఆయన మెట్లు దిగి వీధిలోకి వెళ్లిపోయాడు. గువ్వ తలుపు మూసింది, గట్టిగా కాదు, రోజూ మూసినట్టే. వెళ్లి లెక్కల పుస్తకం ముందు కూర్చుంది.

నేను లేచి వెళ్లి గడియ పెట్టి వచ్చాను.

నీ చెల్లి